పెద్దబాపు దగ్గు

మా పెద్దబాపును నేను క్షమించలేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివరికి వచ్చేసరికి చదివేవాళ్ళకు ఆయన మీద జాలి కలగొచ్చు. కలగనీయండి. నాకు కలగదు.

ఆయన మా బాపుకు అన్న. ఆలేరులో ఆటో ఎక్కితే అరగంటకు మా ఊరు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య గొర్రెల దొడ్డి ఉంటుంది. రెండిండ్ల జీవాలు కలిసే మేతకు పోతాయి, కలిసే తిరిగొస్తాయి. ఏది ఎవరిదో చెవి చూసి చెప్తారు. బాపు గొర్రెలకు ఎడమ చెవి కొసన చీలిక ఉంటుంది. పెద్దబాపు గొర్రెలకు కుడి చెవి అంచున గాటు. సర్కారు ఇచ్చిన గొర్రెలకు చెవికి పచ్చని ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద నంబరు ఉండేవి. వాటికి కూడా పెద్దబాపు గాటు పెట్టాడు. "నంబరు చదవాల్నంటే పిల్లను పిలవాలె. గాటు చదవనీకి నేను సాలు" అన్నాడు.

రెండిండ్లలో పుట్టిన గొర్రెపిల్లలన్నిటికీ గాట్లు పెట్టేది ఆయనే. పిల్లను మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో దవడ కింద గదువ పట్టి, అది నోరు తెరిచేలోపు పని ముగించేవాడు. గాటు మీద ఇంత బూడిద, ఇంత పసుపు అద్ది వదిలేసేవాడు. ఊళ్ళో అందరూ ఆ చెయ్యిని మెచ్చుకునేవాళ్ళు. చిన్నప్పుడు నేను కూడా మెచ్చుకున్నాను.

ఆయన దగ్గు గురించి కూడా చెప్పాలి. తమ్ముడి ఇంటికి వచ్చే అన్న చప్పుడు చేయకుండా లోపలికి రాకూడదు. లోపల మరదలు ఉంటుంది. కొంగు సర్దుకోవడానికి ఆమెకు కాస్త వ్యవధి ఇవ్వాలి. అందుకని పెద్దబాపు మా గేటు దగ్గర ఆగి రెండుసార్లు దగ్గుతాడు. గొంతులో ఏమీ ఉండదు, అది వచ్చానని చెప్పే దగ్గు. ఆ దగ్గు వినగానే అమ్మ నేల మీద నుంచి లేచి, కొంగు నిండా కప్పుకొని తలుపు చాటుకు పోతుంది. ఇంట్లో ఏ మాట నడుస్తున్నా ఆగిపోతుంది. నేను మామూలుగానే తక్కువ మాట్లాడతాను. ఆ దగ్గు వినబడితే అసలే మాట్లాడను.

భువనగిరిలో డిగ్రీ అయిపోయి, ఇంటి దగ్గర ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న రోజులవి. గొర్రెల కడుపులో పురుగులకు నట్టల మందు తేవడానికి బాపుతో పాటు ఆలేరు పశువుల దవాఖానకు పోయాను. వరండా కడ్డీకి పాత చీర అంచుతో ఒక కుక్కను కట్టేసి ఉంది. వేయించిన పల్లీ రంగు. చెవులు దవడ దాటి వేలాడుతున్నాయి. తల ఎడమవైపు వంచి, ఏదో వింటున్నట్టు కూర్చుంది. దగ్గరికి పోతే పులిసిన గంజి వాసన కొట్టింది.

"ఎవలో కార్ల వచ్చిండ్రు. చెవి చూపియ్యాలె అని గీడ కట్టేసిండ్రు. రెండు రోజులాయె, మళ్ళ మొకం చూపియ్యలె" అన్నాడు కంపౌండరు.

బాపు దాన్ని ఎగాదిగా చూసి, "మందల పనికొస్తదా డాక్టరమ్మా?" అని అడిగాడు.

డాక్టరమ్మ నాకంటే ఆరేడేళ్ళు పెద్దదై ఉంటుంది. "దీన్ని చూస్తే గొర్రెలే నవ్వుతయ్" అంది.

నేను పోయి ఆ చీర అంచు ముడి విప్పాను. బాపు నా వైపు చూసి, "తీస్కరా. ఇంట్ల నువ్వెట్లాగూ మాట్లాడవు, ఇదన్న అరుస్తది" అన్నాడు.

చెవి ఎలా కడగాలో డాక్టరమ్మ ఆ రోజే చూపించింది. చెవిని పైకెత్తి మందు నీళ్ళు నింపాలి. చెవి మొదట్లో, దవడ ఎముక వెనక, బొటనవేలితో నెమ్మదిగా రుద్దితే లోపల పచపచమని చప్పుడు వస్తుంది. వదిలేస్తే కుక్క తల విదిలించుకుంటుంది. బయటికి వచ్చిన మురికిని దూదితో తుడవాలి, అది కూడా వేలు పోయినంత వరకే. పుల్ల పెట్టకూడదు, నూనె పోయకూడదు. ఆ తర్వాత చుక్కల మందు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి.

"వాసన పోయినంక ఇంకో పది రోజులు ఆపొద్దు. అందరు ఆడనే ఆపుతరు. మళ్ళ నా దగ్గరికే వస్తరు" అంది.

నేను కూడా అక్కడే ఆపాను. మూడు వారాలకు మళ్ళీ అదే వాసన. రెండోసారి అమ్మ జాలిపడి, నేను చూడనప్పుడు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. దాంతో మళ్ళీ వచ్చింది. మూడోసారి వానలు మొదలయ్యాయి. కుక్క పోయి గొర్రెలు తాగే తొట్టిలో మునక వేసింది. అప్పటి నుంచి నా డైరీలో చెవులకు ఒక పేజీ కేటాయించాను. "ఎడమ: నల్లని గులిమి, వాసన ఉంది. కుడి: ఎర్రగా ఉంది, వాసన లేదు. తల తక్కువగా విదిలిస్తోంది." ఇంతకు మించి ఏమీ రాసేదాన్ని కాదు. ఇప్పుడు తిరగేస్తే నేను రాసిన వాటిలో అవే మంచి పేజీలనిపిస్తాయి.

కొన్నాళ్ళకు అది ఆ పనికి అలవాటు పడింది. దూది చేతిలో చూస్తే తనే వచ్చి నా ఒళ్ళో తల పెట్టేది. చెవి మొదట్లో రుద్దుతుంటే కళ్ళు మూసి మూలిగేది, వెనక కాలు నేలకేసి టకటక కొట్టేది. మనిషైనా జంతువైనా నన్ను అంతగా నమ్మడం అదే మొదలు.

చెవులు వేలాడుతుంటే లోపలికి గాలి ఆడదు, తడి ఆరదు, అందుకే జబ్బు మాటిమాటికీ తిరగబెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కడిగాక ఒక అరగంట చెవులు పైకెత్తి ఉంచమంది. నేను నా జడకు పెట్టుకునే మెత్తని గుడ్డ బ్యాండుతో రెండు చెవులనూ నెత్తి మీద వదులుగా ముడివేసేదాన్ని. ఒకరోజు పెద్దబాపు దగ్గి లోపలికి వచ్చి ఆ ముడి చూశాడు.

"ఏం పిల్లా, కుక్కకు కొప్పు పెట్టినవ్? రెండు కనకాంబరాలు గూడ పెట్టు, పెండ్లిచూపులకొస్తరు."

బాపు నవ్వాడు. తలుపు చాటు నుంచి అమ్మ కూడా నవ్వింది.

"గట్లెందుకు కట్టినవ్?" అన్నాడు మళ్ళీ.

నేల చూస్తూ, "చెవులకు గాలి తగలాలన్నది డాక్టరమ్మ" అన్నాను.

దాని తర్వాత ఇంకో మాట ఉంది. అరగంట సాలు, ఆ తర్వాత విప్పాలి, దుమ్మూ చినుకూ పడకుండా లోపలి చెవిని కాపాడేది ఆ చెవి డొప్పే అని. ఆ వాక్యాన్ని మనసులో కూర్చుకున్నాను కూడా. అంతలో ఆయన బాపు వైపు తిరిగి, "మబ్బు పట్టింది తమ్మీ, జీవాలను గుట్ట దిక్కు కొట్టకు" అన్నాడు. నా వాక్యం నేను మింగేశాను.

తర్వాతి వారం నల్లగొండలో నాకు పరీక్ష. ముందురోజే పోయి చుట్టాలింట్లో ఉండి, పరీక్ష రాసి, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గేటు తీస్తే కుక్క ఎదురు రాలేదు. బాపు మంచం కింద గోడకు ముడుచుకొని ఉంది. పిలిస్తే తల ఎత్తింది. చెవులు లేవు. రెండు మొండి మొదళ్ళున్నాయి. వాటి మీద గొర్రెపిల్లకు అద్దినట్టు బూడిద, పసుపు. కుడి మొండి చెవి అంచున ఒక గాటు. అది పెద్దబాపు గుర్తు. కావాలని పెట్టాడో, చెయ్యి అలవాటు కొద్దీ పడిందో ఆయనకే తెలియాలి.

నేను ఇంకా సంచీ దించలేదు, గేటు దగ్గర దగ్గు వినబడింది. కుక్క ఒళ్ళంతా వణికి మంచం కిందే మూత్రం పోసుకుంది. ఆయన నా కోసమే ఎదురు చూస్తున్నాడట.

"చూసినవా బిడ్డా? ఇగ రోజు రోజు నీకా కొప్పు కట్టే కష్టం లేదు. మస్తు గాలి తగుల్తది. మన మంద కుక్కలకు చెవులుంటయా? తోడేలుకు చిక్కుతయని కోస్తం గద. గట్లనే ఇది. ఒక్కటే కూత కూసింది, గంతే."

మెచ్చుకుంటానేమోనని నిలబడ్డాడు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. బయట ఆయన అమ్మతో అంటుంటే వినబడింది: "పరీచ్చ మంచిగ రాయలేదేమో పిల్ల."

డాక్టరమ్మ మొండి చెవులు కడిగి, కుట్లు వేసి, సూది ఇచ్చింది. గాలి తగలాలనే పెద్దబాపు కోశాడని చెబితే, సిరంజి ట్రేలోకి విసిరి అడిగింది. "గాలి తగలాలంటే కోయమని ఎవరు చెప్పిండ్రు?"

"నేనే. సగమే చెప్పిన" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. "గాయం నెల రోజులల్ల మానుతది. లోపలి రోగం పోలేదు, అది మళ్ళ వస్తది. ఇప్పుడు డొప్ప గూడ లేదాయె, దుమ్మంత నేరుగ లోపలికే. అసలు కష్టం ఏందంటే, ఇది ఇగ తల మీద చెయ్యి పెట్టనియ్యది. పెట్టనిచ్చేటట్టు నువ్వే చెయ్యాలె. రొట్టె ముక్క పెట్టుకుంట మెడ కాడ ముట్టుకో. ఇంకో ముక్క, ఇంకొంచెం పైకి. నెలలు పట్టినా సరే, మరిచిపోయేటట్టు చెయ్యి."

ఇంట్లో ఎవరికీ కోపం రాలేదు. నన్ను దహించింది అదే. "అన్న మంచికే చేసిండు" అన్నాడు బాపు. "పెద్దోడు, ఏమంటం?" అంది అమ్మ. వాళ్ళలో ఒక్కరైనా ఒక్కసారి గేటు దగ్గర నిలబడి గట్టిగా అరిచి ఉంటే నా కోపం అక్కడితో తీరిపోయేదేమో. ఎవరూ అరవలేదు. అరవడం నాకు రాదు. అందుకే ఇంకో దారి వెతుక్కున్నాను.

ఒకరోజు తలుపు చాటున నిలబడి ఆయన దగ్గును ఫోనులో రికార్డు చేశాను. మధ్యాహ్నం జీవాలు మేతకు పోయాక, కుక్కను గడ్డివాము వెనక్కి తీసుకుపోయి వినిపించేదాన్ని. మొదట వణికేది. నేను కదలకుండా పక్కన కూర్చునేదాన్ని. వణుకు నాకు అక్కర్లేదు. ఆరో రోజో ఏడో రోజో, దగ్గు వినగానే దాని గొంతులో చిన్న గరగర పుట్టింది. వెంటనే జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టాను. మర్నాడు ఇంకో గరగర, ఇంకో ముక్క. గరగర గుర్రు అయింది. గుర్రుమంటూ ఒక అడుగు ముందుకేస్తే మాంసం ఉన్న బొక్క ముక్క. ఆ తర్వాత గేటు దాకా. నేను అంత శ్రద్ధగా ఏ పరీక్షకూ చదవలేదు.

ఒక విషయం దాచకుండా రాయాలి. నేను మెడ నిమిరిన రోజు కుక్క మెత్తబడేది, దాని గుర్రు కూడా మెత్తబడేది. అందుకని నిమరడం మానేశాను. డాక్టరమ్మ మరిచిపోయేటట్టు చేయమంది. నేను రోజూ గుర్తు చేశాను. ఒకే రొట్టెతో ఆ రెండు పనులూ కావు. డైరీలో చెవుల పేజీ ఖాళీ అయింది. దాని బదులు "ఈ రోజు మూడుసార్లు, గేటు దాకా పోయింది" అని రాస్తున్నాను. గాయాలు మానాయి. కొన్ని రోజులకు పులిసిన గంజి వాసన మళ్ళీ మొదలైంది. నా ముక్కుకు తెలిసింది. పండుగ కానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

పండుగ అంటే మా ఇండ్లలో కులదైవం బీరప్పకు చేసేది. ఆ ఏడు మా ఇంట్లో. ఇంటికి పెద్దవాడు కొబ్బరికాయ పట్టుకొని ముందు అడుగు పెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు. పెద్దబాపు తెల్లధోతి కట్టి, కొత్త గొంగడి భుజాన వేసుకొని, నుదుట పసుపుతో వచ్చాడు. వెనక చుట్టాలు. గేటు దగ్గర ఆగి రెండుసార్లు దగ్గాడు.

కుక్క మంచం కింద నుంచి బాణంలా పోయింది. గేటుకు ఎదురుగా నిలబడి, పళ్ళు బయటపెట్టి, మొండి చెవులు వెనక్కి వేసి గుర్రుమంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు. అది కూడా ముందుకు వచ్చింది.

"ఏందిరా, ఇంటి పెద్దకే గేటు బంద్ పెట్టిండ్రు?" అన్నారెవరో.

"ఆధార్ కార్డు చూపియ్యి మామా, అప్పుడు ఇడుస్తది!"

"ఊరందరి గొర్రెల్ని మోకాళ్ళల్ల పట్టినవ్, గింత కుక్కకు జడుస్తవా బావా?"

ఆయన కర్ర ఎత్తాడు. ఆ ఎత్తిన కర్రను చూసి కుక్క గేటు దాటి మీదికి పోయింది. ఆయన వెనక్కి తూలాడు. కొబ్బరికాయ చేతిలోంచి జారి రోడ్డు మీద పగిలింది. గడప బయట, దేవునికి చూపించకముందే. అందరి నవ్వూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నవ్వు కంటే నాకు తియ్యగా అనిపించింది. బాపు పరుగున వచ్చి కుక్కను లోపలి అర్రలో వేసి గొళ్ళెం పెట్టాడు. పెద్దబాపు లోపలికి వచ్చాడు గాని కూర్చోలేదు. యాటమాంసం కూర ముట్టలేదు. నేను తలుపు వెనక చున్నీ నోట్లో కుక్కుకొని నిలబడ్డాను. డైరీలో ఆ రోజు ఒక్కటే వాక్యం: "కడుపు నిండింది."

ఆ తర్వాత నెల దాకా ఆయన మా గడప తొక్కలేదు. పని ఉంటే రోడ్డు మీద నుంచే "తమ్మీ" అని పిలిచేవాడు. ఆ నెల ఎంత రుచిగా గడిచిందో చెప్పలేను. పొద్దున లేస్తూనే అది గుర్తొచ్చేది, పండుగనాటి లడ్డూ ఇంకా డబ్బాలో ఉందని గుర్తొచ్చినట్టు.

ఒకరోజు పొద్దున ఆయన గొర్రె ఒకటి ఈనలేక తిప్పలు పడుతుందని, బాపును పిలవడానికి వచ్చాడు. రోడ్డు మీద నుంచి పిలిస్తే లోపల ఉన్న బాపుకు వినబడలేదు. గేటు దగ్గరికి వచ్చి దగ్గాడు. కుక్క గోడ నీడలో అటు తిరిగి పడుకొని ఉంది. నేను వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. తోమడం ఆపి, ఇష్టమైన పాట మొదలవుతుందని కాచుకున్నట్టు ఎదురుచూశాను.

ఏమీ కాలేదు.

ఆయన ఇంకోసారి, కొంచెం గట్టిగా దగ్గాడు. కుక్క కదల్లేదు. ఆయన పిల్లిలా అడుగులు వేసుకుంటూ దాని పక్క నుంచే లోపలికి వచ్చాడు. దాటినాక నడుము నిలబెట్టుకొని నవ్వాడు.

"చూసినవా తమ్మీ, దాని కోపం పోయింది. మూగజీవాలు మనుషుల లెక్క పగ పట్టయి." మాట అప్పుడే బయటికి వచ్చిన బాపుతో, చూపు నా మీద.

నా చేతిలో స్టీలు మూత ఉంది. పోయి కుక్క తల వెనక బండ మీద పడేశాను. లోపల అమ్మ ఉలిక్కిపడి "ఏమైందే?" అని అరిచింది. దొడ్లో గొర్రెలు బెదిరాయి. కుక్క పొట్ట ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది. నా నీడ దాని మొహం మీద పడినప్పుడే అది కళ్ళు తెరిచింది.

ఆ రోజే ఆలేరు తీసుకుపోతే, డాక్టరమ్మ దాని మూతికి పట్టీ కట్టి, సూదితో మత్తు ఇచ్చి, చెవిలో లైటు వేసి చూసింది. రెండు చెవులూ లోపల వాచి మూసుకుపోయాయి, వెనక చీము గడ్డకట్టింది.

"మందు వేయక ఎన్ని రోజులైంది?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టలేదు. "రెండు నెలల పైన" అన్నాను.

ఆమె చాలాసేపు కడిగింది. "వినికిడి పోయిందా, వాపుకు మూసుకపోయిందా ఇప్పుడు చెప్పలేను. మూడు వారాలు, రోజుకు రెండుసార్లు, ఒక్క పూట తప్పకుండ మందు లోపలికి పోవాలె. పోతే తెలుస్తది. పోకుంటే ఇది చెవిటిదే. రోజు మత్తియ్యలేము. కదలకుంట పట్టుకునేటోళ్ళు కావాలె. ఉన్నరా?"

ఆ మాపున బాపు పట్టాడు. కుక్క ఆయన మణికట్టు కరిచింది, మందు నేలపాలైంది. బాపు చేతికి పసుపు పెట్టుకుంటూ, "గట్ల పట్టే చెయ్యి ఈ ఊర్ల ఒక్కటే ఉంది బిడ్డా" అన్నాడు. ఎవరిదో చెప్పలేదు.

పెద్దబాపు ఇంటికి నేను ఒంటరిగా ఎప్పుడూ పోలేదు. మర్నాడు పొద్దున పోయాను. ఆయన మంచంలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు, పెద్దమ్మ పక్కన కందులు చెరుగుతోంది. దారి పొడవునా వాక్యాన్ని కూర్చుకుంటూ వచ్చాను. ఈసారి మింగకూడదని పళ్ళు బిగించాను.

"పెద్దబాపు, పొద్దున మాపున మా ఇంటికి రావాలె. మూడు వారాలు."

"ఎందుకు బిడ్డా?"

"నువ్వు కోసిన కుక్కను పట్టుకునేటందుకు. దానికి చెవులు వినొస్తలేవు. కోపం పోయి కాదు నిన్న అది ఊకున్నది. నీ దగ్గు దానికి వినబడలె."

పెద్దమ్మ చేట ఆపింది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను రానంటే?"

"అది చెవిటిదైతది. ఎట్లైందో ఊరందరికి చెప్త."

"నువ్వా? నీకు నోట్ల మాట పెగులుతదా?"

"పెగలకుంటె రాస్త. రాసి పంచాయతీ గోడకు అతికిస్త."

పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "పో, పోయి పట్టుకో. పిల్లకు ఇన్నేండ్లకు మాటలొచ్చినయ్, మళ్ళ పోతయేమో" అంది.

ఆ మాపునే వచ్చాడు. గేటు దగ్గర దగ్గాడు, పద్ధతి కదా. కుక్కకు వినబడలేదు. దాని మీద వెనక నుంచి గొంగడి వేసి చుట్టాడు, మోకాళ్ళ మధ్యకు తీసుకున్నాడు, ఎడమచేత్తో గదువ పట్టాడు. అది గింజుకుంది, గుడ్లు తేలేసింది, ఆ తర్వాత బిగుసుకుపోయింది. చెవులు కోసినప్పుడు ఆ చేతులు పట్టింది కూడా ఇట్లాగేనని నాకు తెలుసు. దానికి కూడా తెలుసు. నేను చెవిలో మందు నీళ్ళు పోసి రుద్దాను. చీము వాసనకు ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ముఖం తిప్పకు పెద్దబాపు, తల కదుల్తది."

మళ్ళీ తిప్పుకోలేదు. రోజుకు రెండుసార్లు ఆయన ముక్కు ఆ వాసనకు జానెడు దూరంలో ఉంది. ఆయన పెట్టిన గాటు కళ్ళెదురుగా ఉంది. ఒకరోజు దూరపు చుట్టాల పెండ్లికి పోవాలన్నాడు. "మందు పడ్డంక పో" అన్నాను. ఆయన చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయట, చివరి బంతిలో తిన్నాడట. పెద్దమ్మ చెప్తుంటే నేను ముఖంలో ఏమీ కనబడనీయలేదు.

తొమ్మిదో రోజో పదో రోజో, గదువ పట్టుకునే, ఆయన అడిగాడు. "గీ గాటు నేనే పెట్టిన్నా?"

"మరెవలు?"

ఆ రోజు పోతూ పోతూ కుక్క ముందు ఒక మాంసపు ముక్క పెట్టాడు. అది ఆయన పోయేదాకా ముట్టలేదు. నేను ఆ ముక్కను తీసి పారేద్దామనుకున్నాను. కుక్క ఆకలి ముందు నా పగ ఎక్కువ కాదని ఊరుకున్నాను.

రెండో వారం నుంచి నేను ఇంకో పని కూడా మొదలుపెట్టాను. మందు అయ్యాక జొన్నరొట్టె ముక్క చేతిలో పట్టుకొని మెడ దగ్గర ముట్టుకునేదాన్ని. ఇంకో ముక్క, ఇంకొంచెం పైకి. ఇది మొదటి నెలలోనే చేయాల్సిన పని. నా మీద నాకున్న కోపం కూడా పెద్దబాపు మీదే వేశానని అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించినా ఆ కోపాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆయన మోయగలడు.

మూడు వారాలు అయిపోయాయి. వాసన పోయింది. ఇంకో పది రోజులు ఆపొద్దన్న మాట ఈసారి మరిచిపోలేదు. అందుకని ఆయన వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు వినబడిన ప్రతిసారీ నేను కుక్క వైపు చూస్తూనే ఉన్నాను. మూత పడేసి చూశాను, చప్పట్లు కొట్టి చూశాను. ఏమీ లేదు.

ఆ పొద్దున గాలి ఇంటి మీద నుంచి రోడ్డు వైపు కొడుతోంది, కాబట్టి వాసన పట్టే వీలు లేదు. కుక్క నా పక్కనే పడుకొని ఉంది, తల గోడ వైపు. నేను దూది చుడుతున్నాను. గేటు దగ్గర ఆయన ఆగాడు. రెండుసార్లు దగ్గాడు.

ఎడమ మొండి చెవి కదిలింది. నేను దూది చుట్టడం ఆపాను. తల లేచింది. గేటు వైపు తిరిగింది. గొంతులోంచి గరగర, ఆ తర్వాత నేను రొట్టె ముక్కలు పెట్టి నేర్పిన ఆ నిండు గుర్రు.

పెద్దబాపు గేటులో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. "మళ్ళ మొదలువెట్టింది. దీనికి ఎవలు నేర్పిండ్రే గిది?"

"నేనే" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. నేను నేల చూపు చూడలేదు.

"ఇంకోసారి దగ్గు, పెద్దబాపు."

దగ్గాడు. కుక్క లేచి నిలబడి గుర్రుమంది. లోపల నుంచి అమ్మ కొంగు కప్పుకోవడం కూడా మరిచిపోయి వాకిట్లోకి వచ్చేసింది.

"సాలా?" అన్నాడు.

"సాలదు. ఇంకోసారి."

దగ్గాడు.